ఆవుకు ఏమి కావాలి?

ఆవు పాలిస్తుంది, కోడి గ్రుడ్డు పెడుతుంది, గొర్రె ఉన్ని యిస్తుంది, ఎద్దు బండి లాగుతుంది. పశువులను గురించి మన పిల్లలకు మనం నేర్పే మొదటి పాఠం ఇదే. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని పాఠమంతా ఆ మూగజీవాలు మనకేమిస్తున్నవో చెప్పడంతోనే సరిపోతున్నది. వాటికి ఏమి కావాలో చెప్పే మాట ఒక్కటీ లేదు.

పల్లెలో పెరిగే బిడ్డకు ఆ రెండవ సగం ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తెల్లవారక ముందే కొట్టంలో పేడ తీసే తాతను, కుడితి కలిపే అవ్వను చూచి తానే నేర్చుకొంటుంది. బెంగుళూరులో రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన ఇండ్లలోని పిల్లలకు ఆ అవకాశం లేదు. వారికి పాలంటే పొద్దున్నే గుమ్మం ముందరికి వచ్చే నందిని పొట్లం. కనుక ఆ మిగిలిన సగం ఇంటి పెద్దలే నేర్పవలసి ఉన్నది.

దీనికి పెద్ద చదువేమీ అక్కరలేదు. మూడు నాలుగేండ్ల పిల్లలకు నాలుగు ప్రశ్నలు చాలును. ఏమి తింటుంది? ఏమి త్రాగుతుంది? ఎక్కడ పడుకొంటుంది? ఒంట్లో బాగా లేకపోతే ఎవరు చూస్తారు? ఈ నాలుగూ తనకు కూడ కావలసినవే గనుక పిల్లవాడు ఇట్టే అందుకొంటాడు.

ఆవు తినేది గడ్డి, చొప్ప, కొంచెం తవుడు, చెక్క. దాని కడుపులో నాలుగు అరలున్నవని, గబగబ మేసిన మేతను తీరికగా మళ్ళీ నోటికి తెచ్చుకొని నమలుతుందని చెప్పండి. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు నెమరు వేయడానికే పడుతుంది. అందుచేత పడుకొన్న ఆవును సోమరి అనరాదు. అది పని చేస్తూనే ఉన్నది. పాలిచ్చే ఆవు రోజుకు సుమారు 40, 50 లీటర్ల నీరు త్రాగుతుంది, ఎండకాలంలో ఇంకా ఎక్కువ. మన స్నానాల గదిలోని బకెట్టును చూపి, ఇటువంటివి మూడు నిండుగా కావాలని చెప్పితే లెక్క వారికి కళ్ళకు కడుతుంది.

పాలను గురించి కూడ నిజమే చెప్పాలి. ఆవు ఊరకే పాలివ్వదు. సుమారు తొమ్మిది నెలలు మోసి, ఈనిన తరువాతనే పాలు వస్తాయి. తొలి ముర్రుపాలు పుట్టిన కొద్ది గంటలలోనే దూడ కడుపులో పడాలి. రోగాలను ఎదిరించే శక్తి దానికి వాటి ద్వారానే అందుతుంది. "మరి మనం త్రాగితే దూడకో?" అని పిల్ల అడిగితే మాట దాటవేయవద్దు. దూడకు సరిపడ వదలిన తరువాతనే మనం తీసుకోవాలని, అట్లా వదలని చోట దూడ చిక్కిపోతుందని చెప్పండి. తీసుకొనేవారికి బాధ్యత ఉంటుందన్న సంగతి పసిమనస్సుకు ఇక్కడనే తెలుస్తుంది.

ఒక్కొక్క జీవానిది ఒక్కొక్క స్వభావం. గేదెకు చెమట తక్కువ, ఒళ్ళు నలుపు. అందుకే అది నీటిని, బురదను వెదకుకొంటుంది. మేక తలయెత్తి ఆకులు కొరుకుతుంది. గొర్రె తల వంచి నేలమీది గడ్డి మేస్తుంది. కోడికి రాత్రి ఎక్కి కూర్చొనడానికి కొమ్మవంటిది కావాలి, గ్రుడ్డు పెట్టడానికి చాటు కావాలి, రెక్కలు దులుపుకొనడానికి పొడి మన్ను కావాలి. ఇంగ్లండులో 1965లో బ్రాంబెల్ సంఘంవారు తమ నివేదికలో చెప్పిన మాట కూడ ఇటువంటిదే. పెంపుడు పశువు లేవడానికి, పడుకొనడానికి, వెనుదిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకొనడానికి, కాళ్ళు చాచుకొనడానికి చోటుండాలని వారన్నారు. ఇంట్లో ఒక చాపను సగానికి మడిచి, దాని గీత దాటకుండా ఈ అయిదు పనులు చేయమని పిల్లలకు చెప్పి చూడండి. నవ్వుకొంటూనే సంగతి గ్రహిస్తారు.

ఇక మన నగరం మాట. వీధులలో తిరిగే ఆవులలో చాలావాటికి యజమానులున్నారు. పాలు పిండుకొని విడిచిపెడతారు. మనం మిగిలిన అన్నం, కూరతొక్కలు ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పారవేస్తే, ముడి విప్పుకొనే చేతులు ఆవుకు లేవు. సంచితో సహా మ్రింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. ఏండ్ల తరబడి కడుపులో పేరుకొని మేతకు చోటు లేకుండా చేస్తుంది.

భక్తితో పెట్టేదానిలోను జాగ్రత్త అవసరం. కనుమనాడు, అమావాస్యనాడు గోమాతకని వీధిలో ప్రతి ఇంటివారూ అన్నం, చక్కెర పొంగలి, అరటిపండ్లు పెడతారు. మన ఇంటిది ఒక ముద్దే కావచ్చు. వీధి అంతటిదీ కలిస్తే బుట్టెడు. ఉడికిన అన్నం, తీపి దాని కడుపులో త్వరగా పులిసిపోతాయి. మేత మానివేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, మితిమీరితే ప్రాణానికే ముప్పు. ఆచారానికి ఒక చిన్న ముద్ద చాలును. దానితో ఒక కట్ట పచ్చగడ్డి, ఒక బకెట్టు నీళ్ళు పెట్టండి. గృహప్రవేశానికి ఆవును లిఫ్టులో ఎక్కించి, నున్నని పలకల నేలమీద నడిపించడం కూడ చూస్తున్నాం. గిట్టలు జారుతాయి, జీవం బెదురుతుంది. క్రిందనే, మట్టినేల మీద, దూడతో నిలిపి పూజించితే పుణ్యమేమీ తరగదు.

చూపడానికి చోట్లు లేకపోలేదు. హెబ్బాళ దాటి ఉన్న జీకేవీకే ఆవరణలో వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు ఏటేటా జరిపే కృషి మేళాకు పశువులను కూడ తెస్తారు. ఆడుగోడిలో 1923లో స్థాపించిన డెయిరీ సంస్థ ఈనాడు జాతీయ సంస్థకు దక్షిణ శాఖగా ఉన్నది. గాంధీజీ 1927లో ఆరోగ్యం కోసం బెంగుళూరులో ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళి గోపోషణ నేర్చుకొన్నారు. గోరక్షణ మీద దేశమంతా ఉపన్యసించిన ఆయనే యాభై యేడేండ్ల వయస్సులో విద్యార్థియై కూర్చున్నారు. గౌరవం వేరు, పెంపకం తెలియడం వేరు, రెండూ కావాలన్నమాట.

ఇవేవీ వీలుకాకపోతే మీ పేటలోనే ఆవులు పెంచేవారింటికి, వారి అనుమతి అడిగి, పిల్లలను తీసుకొని వెళ్ళండి. వెనుకవైపు పోరాదని, అరవరాదని, తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలని, పచ్చిపాలు త్రాగరాదని ముందే చెప్పండి. ఆ పెంచేవారిని "అన్నా", "అక్కా" అని పిలిచి, ఆవు పేరేమిటో, అది ఏమి తిన్నదో పిల్లలచేతనే అడిగించండి. కన్నడంలో అడిగినా సరే, ఇంటికి వచ్చిన తరువాత నెమరు, కుడితి, పలుపు, పొదుగు, పెయ్య వంటి తెలుగు మాటలు వారి చేత పలికించండి. ఆ పని మన ఇండ్లలో జరగడం లేదు గనుక ఆ మాటలు కూడ పిల్లల నోటికి దూరమవుతున్నవి.

పశువును ఉంచుకొన్నవారు దాని క్షేమం చూడవలెనని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం చెప్పుతున్నది. కాని చట్టం తెలుసుకొనే వయస్సు వచ్చేదాక ఆగనక్కరలేదు. రేపు ఉదయం పాలగ్లాసు చేతికిచ్చేటప్పుడు, "ఈ ఆవు ఇవాళ నీళ్ళు త్రాగిందంటావా?" అని ఒక్క ప్రశ్న వేయండి. తక్కిన ప్రశ్నలు వారే వేస్తారు.