పాట కట్టిన మనిషి పేరేది?

'వేదిక మీద మొదలై పుస్తకం దాకా ఎదిగింది.' కవయిత్రుల గురించి ఇలా రాయడం మనకి అలవాటైపోయింది. ఆ 'ఎదిగింది' అన్న మాటతోనే నా పేచీ.

అమెరికా నల్లజాతి కవయిత్రి పెట్రీషియా స్మిత్‌ని తీసుకుందాం. 1955లో షికాగోలో పుట్టింది. ఆ ఊళ్ళోనే భవన నిర్మాణ పనులు చేసే మార్క్ స్మిత్ (ఆమెకి చుట్టమేం కాదు) 'స్లామ్' అనే కవితా పోటీకి ప్రాణం పోశాడు. 1986 నుంచి అది గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్బులో స్థిరపడింది. పోటీ నియమం ప్రకారం మూడు నిమిషాల్లో కవిత వినిపించాలి. ప్రేక్షకుల్లోంచి పిలిచిన అయిదుగురు పదికి మార్కులు వేస్తారు. నచ్చకపోతే జనం మొహం మీదే గోల చేస్తారు. పండితుల సర్టిఫికెట్టుతో పనిలేదు. జాతీయ పోటీలో ఆమె నాలుగుసార్లు గెలిచింది.

'స్కిన్‌హెడ్' కవితలో ఆమె నల్లవాళ్ళని ద్వేషించే తెల్లవాడై మాట్లాడుతుంది. ఆ విషాన్ని ఒక నల్లజాతి స్త్రీ నోట, ఎదురుగా కూచుని వినాల్సి రావడంలోనే ఆ కవితకి సగం అర్థం ఉంది. అచ్చులో ఆ సగం కనపడదు. మరి ఏది పైమెట్టు?

2005 కత్రినా తుపాను మీద 2008లో ఆమె తెచ్చిన 'బ్లడ్ డాజ్లర్' నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకెక్కింది. అందులో తుపానే ఆడగొంతుతో మాట్లాడుతుంది. వృద్ధుల శరణాలయంలో వదిలేస్తే నీళ్ళలో చనిపోయిన ముసలివాళ్ళు మాట్లాడతారు. ఈ విద్య వేదిక మీద నేర్చింది కాదా?

ఆమెని దేవతని చెయ్యక్కర్లేదు. బోస్టన్ గ్లోబ్ కాలమ్‌లో లేని మనుషుల్ని ఉన్నట్టు రాశానని ఒప్పుకుని 1998లో ఉద్యోగం వదులుకుంది. వేదిక మీద అది పరకాయప్రవేశమని అందరికీ తెలుసు, పత్రిక చదివేవాళ్ళకి తెలియదు. తప్పు తప్పే. (నలుగురు స్త్రీల కష్టాలు కలిపి ఒక 'కేస్ స్టడీ' వండే మనం ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి.)

ఇదంతా షికాగో ముచ్చట అనుకోవద్దు. కొన్నేళ్ళ కిందట ఒక వర్క్‌షాపులో 'మౌఖిక సంప్రదాయంలో స్త్రీల గొంతు' మీద నేను పత్రం చదివాను. రానుపోను రైలు ఛార్జీలు, పారితోషికం, శాలువా ముట్టాయి. నాకంటే ముందు ఒక అక్క సారా పోరాటం నాటి తన పాట పాడింది. జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటున్నారు. కరపత్రంలో ఆమె పేరు లేదు, 'సాంస్కృతిక కార్యక్రమం' అని ఉంది. ఇచ్చింది బస్సు ఛార్జీ. నా పత్రంలో ఉదహరించిన పాటల్లో ఆమెదీ ఒకటి. 'అజ్ఞాత రచయిత్రి' అని రాశాను. ఆమె రెండో వరుసలో కూచుని వింది.

కార్యకర్తల్ని అడుగుతున్నాను. వచ్చే సభ కరపత్రంలో పాట కట్టిన మనిషి పేరు వక్తల పేర్ల పక్కన, అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. వోచర్ మీద అంకె కూడా ఒకటే ఉండాలి. నిధులు చాలవంటే ముందు మా పారితోషికంలో కొయ్యండి.