పటమంత గోడ

పోలండు దేశమున వ్రోత్స్వాఫ్ నగరమందు ఒకే ఒక చిత్రముకొఱకు కట్టిన గుండ్రని మందిరము కలదు. 1794లో కొడవళ్లు చేతబట్టిన రైతులతో గూడిన పోలండు సేన రష్యా సేనపై గెలిచిన రత్స్వావిత్సే యుద్ధమును, నూరేండ్లు నిండిన సందర్భమున, యాన్ స్టికా, వోయ్చెక్ కొసాక్ తమ సహచరులతో గూడి 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల పొడవు గల వస్త్రముపై చిత్రించిరి. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట దశాబ్దములు చుట్టగా మూలబడియున్న ఆ చిత్రమును జనము మరల కన్నులార చూచుటకు 1985 వఱకు పట్టినది. ఆలస్యమైనను, గోడకు తగినట్లు చిత్రమును కత్తిరింపక, చిత్రమునకు తగినట్లు గోడను కట్టిరి.

మనకును దీర్ఘచిత్రములు కలవు. చేర్యాల నకాషీలనెడి చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, ఎఱ్ఱని నేపథ్యముపై కులపురాణములను వ్రాసిన పటములు నిలువున 40 అడుగులకు మించి సాగును. వ్రోత్స్వాఫ్ మందిరమున ప్రేక్షకుడు చిత్రము నడుమ నిలిచి తాను తిరుగును. ఇచట ప్రేక్షకుడు కూర్చుండగా చిత్రమే కదలివచ్చును. నా బాల్యమున మా ఇందూరు (నిజామాబాదు) పద్మశాలి వాడకు పటకథ చెప్పెడి కూనపులివారు వచ్చి రాత్రివేళ పటము కట్టెడివారు. బీడీ చాటలు ఒడిలో పెట్టుకొనియే ఆడువారు చుట్టును చేరెడివారు; కథకుని బెత్తము బొమ్మనుండి బొమ్మకు జరుగుచుండ, మార్కండేయుని యజ్ఞకుండమున భావనాఋషి పుట్టును, తామరతూడుల నారతో దేవతలకు వస్త్రములు నేయును, పెద్దపులి నెక్కును. ఆ పులి మీసములు ఒక్కొక్కటి విడివిడిగా సన్నని తెల్లగీతలై యుండెను; మా అవ్వ ఆకు కత్తిరించుట మఱచి వానినే చూచుచుండెడిది.

నేడు చేర్యాల చిత్రమునకు భౌగోళిక గుర్తింపు కలదు. కాని విరివిగా అమ్ముడుపోవునవి చిన్న ముఖములు, అద్దపు చట్రములో ఇమిడెడి ఒకటి రెండు బొమ్మలు. కొనువారిని తప్పుపట్టను, నకాషీ ఇల్లు వానితోనే గడచుచున్నది. అయినను ఘట్టములు తెగిన పటము పురాణము కాజాలదు. జీర్ణించిన పటమును పూజించి ఏట విడుచుట ఆచారమగుటచే పాతవి దొరకుటయు అరుదే.

కావున ఇందూరు తిలక్ గార్డెన్‌లోని మన మ్యూజియము చెంత, నకాషీలచే వ్రాయించిన ఒక నిండు పటమును పైనుండి క్రిందివఱకు విప్పి వ్రేలాడదీయదగిన ఎత్తైన గది నొకదానిని ప్రభుత్వము కట్టింపవలెను. ప్రక్కనే మెట్లుండవలెను: పైమెట్టున పటపు తొలిబొమ్మయైన వినాయకుడు, దిగినకొలది కథ. మార్కండేయ జయంతినాడు కూనపులివారిని పిలిచి, తగిన సంభావన యిచ్చి, ఆ మెట్లపైననే పాడింపవలెను. బీడీ చాటలతో వచ్చువారిని గుమ్మమున ఎవరును ఆపరాదు.