‘బస్టాండు’ అపభ్రంశం కాదు

తెలుగులోని ఇంగ్లీషు పదాలపై వెలువడుతున్న పరిశోధన వ్యాసాల్లో అధికభాగం ఒకే పని చేస్తున్నాయి: పదాలను ఏరి, పట్టికలో పేర్చి, పైన ‘అన్యదేశ్యాలు’ అని శీర్షిక పెట్టడం. సి.పి. బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువును 1854లోనే ప్రకటించాడు. మనమింకా సేకరణ దగ్గరే నిలిచిపోయి, దానికి కొంత చిన్నచూపును జోడించాం. ‘బస్టాండు’ అపభ్రంశమనీ, ‘బస్సు స్టాండు’ సాధురూపమనీ దిద్దడం ఆ చిన్నచూపు ఫలితమే.

ఆ దిద్దుబాటుకు ఆధారం లేదు. బస్సు డ్రైవరు, బస్సు డిపో అన్నప్పుడు పూర్వపదంలోని ఉకారం నిలుస్తుంది. బస్టాండు, బస్టాపుల్లో ఉకారమూ లేదు, రెండో సకారమూ లేదు. ‘పోలీస్టేషను’దీ ఇదే తీరు. కనుక ఇవి తెలుగు ‘బస్సు’కు మరో పదం చేర్చి మనం కట్టిన సమాసాలు కావు, ఇంగ్లీషు సమాసాలు మొత్తంగా వచ్చి, తెలుగు అక్షరనిర్మాణానికి లోబడి ఏకపదాలయ్యాయి. లిపిలో ‘స్టాం’ ఒకే అక్షరంగా కనబడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉచ్చారణలో విభాగం బస్-టాన్-డు. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు: సంయుక్తాక్షరానికి ముందున్న ‘బ’ గురువయ్యేది సకారం దానిని ఆనుకోవడం వల్లనే. గణవిభజన తరగతిలో బోధించేది పదనిర్మాణ తరగతికి వచ్చేసరికి ఎందుకు మరుగున పడుతున్నదో!

యాకుత్‌పురా, ఫలక్‌నుమాల మధ్యనున్న ఉప్పుగూడ రైల్వేస్టేషనునే తీసుకుందాం. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవారి నోట అది ‘ఇస్టేషన్’, తెలుగు పెద్దల నోట ‘టేషను’. ఒకరు ముందు అచ్చును చేర్చారు, మరొకరు సకారాన్ని వదిలారు. (ఇస్కూలు అనేటప్పుడు తెలుగువారూ మొదటి దారినే పడతారు.) దారులు రెండైనా అక్షరాదిలో ‘స్ట’ను తప్పించడమే వాటి పని. బస్టాండులో సకారానికి ‘బ’ తావిచ్చింది కనుక ఏ ఉపాయమూ అక్కరలేకపోయింది.

టేషనును పామరోచ్చారణ అనేవారు స్నేహం నెయ్యమైనప్పుడు, తెలంగాణ ఇళ్లలో స్నానం తానమైనప్పుడు పోయిన సకారాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడ తద్భవం, ఇక్కడ అపభ్రంశం! మూలభాషను బట్టి ధ్వనిపరిణామానికి కులభేదం అంటగట్టడం వ్యాకరణం కాదు.

చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడుగా విభజించాడు. ఆయన లక్ష్యంగా పెట్టుకున్న భాషకు అది చాలింది. ఆ మూడింటిలో చోటు లేదని బస్టాండును వెలివేయడం సూరిపట్ల గౌరవం కాదు, మన సోమరితనం. మొత్తంగా వచ్చిన బస్టాండును, ఇక్కడ కట్టుకున్న రైలుబండిని వేరుచేసి చూపే ప్రకరణం మన వ్యాకరణానికి కావాలి.

హద్దులు చిక్కైనవే. ‘ఉప్పుగూడ స్టేషను’ అని ఒక్క ఊపున పలికితే సకారం ‘డ’కు చేరుతుంది. మరి ఆ ‘డ’ గురువా, లఘువా? తెలుగు విడిపదాల మధ్య లఘువనీ, సంస్కృత సమాసంలో గురువనీ మనకు నియమముంది. ఇక్కడ పూర్వపదం తెలుగు ఊరిపేరు, ఉత్తరపదం ఇంగ్లీషు. దీనికి జవాబు కావ్యాల్లో దొరకదు. ఉప్పుగూడలో రైలెక్కేవారి మాటను రికార్డు చేసి, నిడివి కొలిచి తేల్చాలి. అన్యదేశ్యాల పట్టికలు అప్పటిదాకా ఆగినా నష్టం లేదు.