పంటి వంతెనకు ఆయువెంత?

ఈమారు ఛందస్సు కాదు, సమాసాలు కావు, పంటి ముచ్చట. (వ్యాకరణం బొత్తిగా లేకుండా పోదు లెండి. పంతులు వ్రాసే టపా కదా!)

2009లో శామీర్‌పేట చెరువుకట్ట మీద సైకిలు జారి పడి, పైవరుసలోని ముందరి పన్ను ఒకటి పోగొట్టుకొన్నాను. ఉద్యోగవిరమణకు అప్పటికింకా ఏడేళ్ళున్నది. ఆ వారం తరగతిలో చెప్పవలసినది, నా గ్రహచారం కొద్దీ, దంత్య తాలవ్య చజల పాఠం. తాలవ్యానికి నాలుక అంగిలిని తాకితే చాలును గనుక ‘చెరువు’, ‘చిలుక’ సుఖంగానే పలికాయి. ‘చలి’, ‘జొన్న’ దగ్గరకు వచ్చేసరికి సందులోనుండి గాలి ఈల వేసినది. పిల్లలు ఘొల్లుమన్నారు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో చూపిన భేదం వారికి అంత విశదంగా మునుపెన్నడూ బోధపడి ఉండదు.

నవ్వులపాలైన పంతులు ఆలోచిస్తాడా? చిగురు మానగానే పరుగున పోయి బ్రిడ్జి కట్టించుకొన్నాను. ఖాళీకి ఇరుప్రక్కలా ఉన్న పళ్ళు రెండింటినీ మొలకల వలె అరగదీసి, లోపల లోహము, పైన పింగాణీ గల మూడు పళ్ళ తొడుగును వాటిమీద సిమెంటుతో అతికించారు. “ఎన్నాళ్ళుంటుంది?” అని అడిగాను. “పది, పదిహేనేళ్ళు” అన్నారు. సంతోషించాను.

2024లో, అన్నం తింటుండగా, మూడు పళ్ళూ కలిసి చేతిలోకి వచ్చాయి. కడిగి చూస్తే పింగాణీ ఎక్కడా చెక్కుచెదరలేదు. తొడుగు మాటున సిమెంటు కరిగి, సందులోకి తడి చేరి, ప్రక్క పన్ను చిగురు దాకా పుచ్చిపోయినది. పైకి కనబడదు, నొప్పి కూడా లేదు.

డాక్టరుగారు చెప్పిన లెక్క తప్పు కాదు. దేశవిదేశాలలో ఏళ్ళ తరబడి రోగులను గమనించి వ్రాసిన పరిశీలనలలో పదేళ్ళకు పదింట దాదాపు తొమ్మిది బ్రిడ్జీలు నిలిచే ఉన్నాయి; పదిహేనేళ్ళకు మూడింట రెండు వంతులకు పైగా. నాది పదిహేనేళ్ళు నిలిచినది, ఇంకేమి కావాలి? అయితే నా ప్రశ్నయే తప్పు అని ఇప్పుడు తోస్తున్నది. నేను తొడుగు ఆయువు అడిగాను. దానిని మోసే పళ్ళ సంగతి అడగలేదు. ప్రక్క పళ్ళు రెండూ నాకు నిక్షేపంగా ఉండినవి. ఒకసారి పైపొరను అరగదీస్తే అది తిరిగి పెరగదు. ఒక పన్ను లోటు పూడ్చుకోవడానికి రెండు మంచి పళ్ళను తాకట్టు పెట్టానని నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడే వైద్యులతో నాకు పేచీ. అరగదీసే యంత్రం చేతబట్టక ముందే ఆ మాట చెప్పవద్దా? ముందరి పంటికైతే ప్రక్కవాటిని ఎక్కువగా అరగదీయకుండా, వెనుకవైపు రేకు వంటి రెక్కతో అతికించే పద్ధతి ఒకటి ఉన్నది. 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందినందున దానిని మేరీలాండ్ బ్రిడ్జి అంటారు. అది ఊడినా ప్రక్క పళ్ళు మిగులుతాయి. ఇంప్లాంటు కూడా ఉన్నది: దవడ ఎముకలో టైటానియం మర బిగించి దానిపై పన్ను నిలుపుతారు. స్వీడన్‌లో బ్రనేమార్క్ 1965లోనే ఒక రోగికి అమర్చాడు. ఖర్చు ఎక్కువ, ఎముక చాలాలి, చక్కెరవ్యాధి అదుపులో ఉండాలి. అన్నీ విని కూడా బ్రిడ్జియే కావాలంటానేమో, అది వేరు మాట.

నా తప్పూ ఉన్నది. నడిమి పన్నుకూ చిగురుకూ మధ్య సన్నని దారం దూర్చి రోజూ శుభ్రం చేయాలి. పైపైన బ్రష్షు తిప్పి, రాగి రేకుతో నాలుక గీసుకొని, పని ముగిసిందనుకొన్నాను. పెట్టుడు పన్ను పుచ్చదు గదా అని ధీమా. అది పుచ్చదు, దాని క్రిందిది పుచ్చుతుంది.

ఇప్పుడు పుచ్చిన పన్నును తీసివేసి, కోరపన్నును కూడా అరగదీసి, నాలుగు పళ్ళ బ్రిడ్జి కడతామంటున్నారు. కోరపన్ను ఇంకా గట్టిగా ఉన్నది. దానిని ముట్టుకోవద్దన్నాను. తాత్కాలికంగా తీసిపెట్టుకొనే పలక పళ్ళు ఇచ్చారు. వాటితో ‘జొన్న’ పలుకుతున్నది గాని, ‘చలి’ ఇంకా కొంచెం ఈల వేస్తున్నది. మనుమరాలికి అదే వేడుక, మళ్ళీ మళ్ళీ అనిపిస్తున్నది.