గృహవిషయములు: సెల్లుల మూత

నేడు టెలివిజను రిమోటు లేని యిల్లు అరుదు. ఆ రిమోటునకు వెనుకమూత సరిగా నున్న యిల్లు అంతకంటెను అరుదు. కొన్ని యిండ్లలో మూత యేనాడో పోయినది; సెల్లులు జారకుండ రబ్బరు బ్యాండు చుట్టబడి యుండును. కొన్ని యిండ్లలో మూత యున్నది గాని దాని కొక్కెము విఱిగి పేరునకు మాత్రమే మూతయై యున్నది. అది యూడిపడుట, పిల్లలు మంచము క్రిందనుండి వెదకి తెచ్చుట, మరల దానిని అదిమి పెట్టుట నిత్యకృత్యములలో నొకటియై పోయినది. ఇంత యల్పవిషయమునుగూర్చి వ్రాయవలెనా యని సోదరీమణులు నవ్వవచ్చును. ఈ మూతలలో నవ్వి యూరకొనదగినవియు గలవు, ఊరకొనరానివియు గలవు. ఏది యేదియో యిల్లాలు గుర్తింపవలసియున్నది గాన వ్రాయుచున్నాము.

మూత యేల యింత త్వరగా చెడునో మొదట చూతము. రిమోటులలో వేయు సన్నసెల్లు 44.5 మిల్లీమీటర్ల పొడవును 10.5 మిల్లీమీటర్ల లావును గలది. గోడగడియారమునకు వేయునది కొంచెము పెద్దది, 50.5 మిల్లీమీటర్ల పొడవు, 14.5 మిల్లీమీటర్ల లావు. చదునైన కొనను ఒక స్ప్రింగు ఎల్లప్పుడు నెట్టుచుండును. ఆ నెట్టుడు లేనిచో సెల్లునకును రేకునకును స్పర్శ నిలువదు. కాని ఆ నెట్టుడువలననే సెల్లు మెల్లగా పైకి లేచి మూతను లోపలినుండి త్రోయును. దానిని పట్టి యుంచునది వ్రేలిగోరంత ప్లాస్టిక్ నాలుక యొక్కటే. తీసినప్పుడెల్ల నా నాలుక వంగవలెను, విడిచినంతనే మరల నిలువవలెను. పలుమారు వంగిన ప్లాస్టిక్ తెల్లబడి, గీతపడి, యొకనాడు తునిగిపోవును. పైడొల్లకంతకును మెఱుగులు దిద్దిన తయారీదారులు ఆ నాలుక దగ్గఱకు వచ్చునప్పటికే పొదుపు చూపుటేమో మాకు బోధపడదు.

తప్పంతయు వారిదే యనుటకును వీలులేదు. సెల్లు నీరసించినప్పుడు క్రొత్తది వేయుటకు బదులు మూత తీసి సెల్లులను వ్రేలితో దొర్లించుట, అప్పటికిని పలుకకున్న రిమోటును అరచేతితో చఱచుట మన యింటింటి వైద్యము. దొర్లించుటవలన కొనలయందలి మలినము కొంత తొలగి కొంతసేపు పనిచేయుమాట నిజమే. కాని నెలలకొకసారి వంగవలసిన నాలుక దినమునకు మూడుమార్లు వంగును. చఱచుటవలన కలుగు లాభమేమో చఱచువారికే తెలియవలెను.

ఒక్కొక్కప్పుడు లోపలి సెల్లే మూతను బిగియనీయదు. చాలకాలము తీయక వదలిన సెల్లు ఉబ్బుటయు, కారి కొనలయందు తెల్లని పొడి పేరుకొనుటయు గలదు. ఆల్కలైను సెల్లులనుండి కారునది క్షారము, వట్టిచేతితో తాకరాదు. నిమ్మరసముగాని వెనిగరుగాని అద్దిన దూదితో తుడిచి, పిమ్మట పొడిగుడ్డతో తడి లేకుండ తుడువవలెను. పాతసెల్లుతో క్రొత్తదానిని జతచేయుట ఈ కారుటకు ఒక హేతువు. రెండింటిలో నొకటి బాగున్నదని యొకటే మార్చుదుము; ఆ పొదుపునకు రిమోటు బలియగును.

విఱిగిన నాలుకను క్షణములో నంటుకొను జిగురుతో అతికించుట వృథాశ్రమ. అతుకు గట్టిదే కాని వంగదు గాన రెండవసారి తీయునప్పటికి మరల తునుగును. జిగురు లోనికి కారి రేకుల నంటినచో రిమోటే చెడును. ఆవకాయజాడికి వాసెన గట్టు నేర్పుగల చేతులకు ఇంతకంటె మంచి యుపాయము తోచకపోదు. మూత వదులుగా మాత్రమే యున్నచో పోస్టుకార్డంత మందముగల అట్టముక్కను సన్నగా కత్తిరించి అంచున ఇరికింపవలెను. నాలుక పూర్తిగా పోయినచో, విద్యుత్పనివారు వాడు నల్లటేపును మీటలు కప్పబడకుండ మూతమీదుగా చుట్టి, కొనను కొంచెము లోనికి మడచి వదలవలెను. మడచిన కొన యున్నచో మరల తీయుట సుళువు. రబ్బరు బ్యాండు వేసవిలో సాగి తెగును. పాత సైకిలు ట్యూబునుండి వ్రేలెడు వెడల్పున అడ్డముగా కోసిన చుట్టు చాలకాలము నిలుచును. సైకిలు దుకాణములలో అడిగినచో ఊరకయే యిత్తురు. సెల్లు కదలుచున్నదని వెండికాగితము మడిచి దోపు అలవాటు కొందఱికి గలదు. ఆ కాగితము జారి రెండు కొనలను కలిపినచో సెల్లు వేడెక్కును. స్ప్రింగునే కొంచెము సాగదీయుట మేలు.

ఇంతవరకు చెప్పినది చికాకు. బొత్తామువంటి గుండ్రని సెల్లులుండు వస్తువుల మూతలసంగతి వేఱు, అది ప్రాణసంకటము. ఈ సెల్లులలో కొన్నిటిమీద 2032 అను అంకె యుండుట చూచియే యుందురు. మొదటి రెండంకెలు వెడల్పు 20 మిల్లీమీటర్లనియు, కడపటి రెండు మందము 3.2 మిల్లీమీటర్లనియు తెలుపును. దాని శక్తి 3 వోల్టులు. చూపునకు ఇంచుమించు రూపాయిబిళ్ళ యంత. మెఱయును, నేలమీద దొర్లును. ప్రాకుబిడ్డను పిలుచుటకు ఇంకేమి కావలెను?

ఇవి మన యిండ్లలో నెన్నిచోట్ల నున్నవో లెక్కించినచో ఆశ్చర్యము కలుగును. వంటయింటి తూకపుయంత్రము, కారు తాళపుచెవి, చిన్నచిన్న రిమోటులు, తెఱచినంతనే పాడు పుట్టినరోజు కార్డులు, జ్వరము చూచు డిజిటల్ థర్మామీటరు (దీనిలోని సెల్లు మఱింత చిన్నది). అన్నింటికంటె మాకు భయము గొల్పునవి బొమ్మలకొలువులోను దీపావళికిని పెట్టు ప్లాస్టిక్ ప్రమిదలు. నూనె యొలుకదు, చీరకొంగు అంటుకొనదు అని వానిని కొందుము. నిజమే. కాని వానిలో చాలవాని అడుగుమూత గోటితో త్రిప్పినను వచ్చును, క్రింద పడినను వచ్చును. కొలువుమెట్లలో అడుగువరుస సరిగా ఏడాదిబిడ్డ చేతియెత్తున నుండును. నిప్పుదీపమునకు బిడ్డను దూరముగా నుంచు మనము, ఈ దీపమును బిడ్డ చేతికే యిచ్చి ఆడుకొమ్మందుము.

మ్రింగిన సెల్లు కడుపులోనికి దిగినచో పెక్కుసార్లు మలముతో వెడలిపోవును. అన్నవాహికలో చిక్కుకొన్నదా, ఆపద అప్పటినుండియే ఆరంభమగును. లోపలి విషము కారి చంపునని పలువురి తలంపు. అది కారనక్కఱయే లేదు. తడిగోడల నడుమ చిక్కిన సెల్లు రెండు ముఖములను ఆ తడి కలుపగా విద్యుత్తు ప్రవహించును. ఋణముఖము వద్ద కాస్టిక్ సోడా వంటి క్షారము పుట్టి మెత్తని కండను కాల్చును. తీవ్రమైన గాయమునకు రెండుగంటలు చాలును. సెల్లును తీసివేసిన తరువాతను పుండు లోతునకు పోయి, ప్రక్కనున్న శ్వాసనాళమునకుగాని పెద్ద రక్తనాళమునకుగాని రంధ్రము పడుట గలదు. అట్లు దినములు గడచినపిమ్మట బిడ్డలు మరణించిన సందర్భములు వైద్యపత్రికలలో నున్నవి. యంత్రమును నడుపలేని సెల్లునందు మిగిలియున్న శక్తియు ఈ కీడునకు చాలును. కావున అయిపోయిన సెల్లే గదా యని కిటికీగూటిలో పెట్టరాదు.

బిడ్డ మ్రింగుట ఎవ్వరును చూడకపోవచ్చును. చొంగ యెక్కువగా కారుట, తిండి నిరాకరించుట, దగ్గు, వాంతి, జ్వరము, ఇవన్నియు జలుబువలెనే కనబడును. కొందఱు బిడ్డలలో ఏ లక్షణమును కనబడదు. మూత తెఱచిన వస్తువు కనబడి, సెల్లు కనబడకున్నచో లక్షణములకై కాచుకొనియుండక ఆసుపత్రికి బయలుదేరవలెను. బండి లేనివారు 108కి ఫోను చేయవలెను. ఎక్సురే తీసి, గొట్టము వేసి లోపలినుండి తీయగల పెద్ద ఆసుపత్రికే నేరుగా పోవుట మంచిది. ఎక్సురేలో సెల్లు నాణెమువలెనే తోచును గాని దాని అంచున రెండు వలయములుండును. సెల్లు మ్రింగియుండవచ్చునని మనము ముందుగా చెప్పినచో వైద్యులు దానికై చూతురు. అట్టిదే మఱియొక సెల్లుగాని, మూత యూడిన వస్తువుగాని వెంట గొనిపోవలెను. వాంతి చేయింపరాదు. గొంతులో వ్రేలు పెట్టరాదు. చేపముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు చేయునట్లు అన్నపుముద్దనో అరటిపండునో మ్రింగించి క్రిందికి దింపజూచుట ఇక్కడ మిక్కిలి కీడు.

ఒక్క తేనెను మాత్రము వైద్యులు అంగీకరించిరి. 2018లో అమెరికా వైద్యులు పందిపిల్లలపై చేసి ప్రకటించిన పరిశోధనలో, తేనె సెల్లుచుట్టు పూతవలె నిలిచి, క్షారమును తగ్గించి, గాయము లోతు కాకుండ చేసినట్లు తేలినది. బిడ్డకు ఏడాది నిండియుండి, సెల్లు మ్రింగి 12 గంటలు దాటక, మ్రింగగల స్థితియు నున్నచో, దారిలో 10 నిమిషములకొకసారి రెండు టీస్పూనుల తేనెను, ఆఱుసార్లకు మించకుండ, ఈయవచ్చును. వేఱేమియు పెట్టరాదు, త్రాగింపరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె అపాయకరము. (పురిటిబిడ్డకు తేనె నాకించు ఆచారమును కూడ వైద్యులు వలదనుట యిందుకే.) తేనెసీసాకై వెదకుచు ప్రయాణమును ఆపరాదు, అది దారిబత్తెమే గాని చికిత్స కాదు. సెల్లును ముక్కులోగాని చెవిలోగాని దూర్చుకొన్నను ఇంతే త్వరపడవలెను, చుక్కలమందు వేయరాదు.

బిడ్డలనే చెప్పితిమి గాని పెద్దలను మఱచుటకు వీలులేదు. చెవియంత్రములలోని బఠాణీగింజంత సెల్లులను మాత్రలనుకొని వృద్ధులు మ్రింగుట కొత్తగాదు. మామగారి మందులడబ్బాలో ఆ సెల్లుల నుంచుట మానవలెను.

మన దేశమున 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. విద్యుత్తుబొమ్మల ప్రమాణమునుబట్టి బొత్తాముసెల్లుల మూత పనిముట్టు లేనిదే తెఱువరాకుండ నుండవలెను. మంచిబొమ్మల మూతకు చిన్న మర యుండుట అందుకే. ఆ మరను విప్పిన మగవారు మరల బిగింపక గూటిలో పెట్టుదురు. మఱునాటికి అది చీపురుపాలగును. ఎవరు విప్పినను, ఎవరు బిగించినను, బిగిసినదాకా బొమ్మ బిడ్డచేతికి పోరాదు. అయితే తూకపుయంత్రము, రిమోటు, ప్రమిద ఆటబొమ్మలు కావు. ఈ భేదము చట్టమునకు తెలియును గాని బిడ్డకు తెలియదు. ఆస్ట్రేలియాలో 2022 జూన్ 22 నుండి బొత్తాముసెల్లులుండు గృహవస్తువులకును గట్టిమూత నిర్బంధమైనది. అమెరికాలోను అదే యేట ఆగస్టులో చట్టము చేసిరి. పనిముట్టుతోనైనను, చేతితో ఒకేసారి రెండు వేఱువేఱు కదలికలు చేసియైనను తప్ప మూత రాకూడదని అచ్చటి నియమము. మనము కొనునప్పుడు దుకాణములోనే అడుగుమూతను గోటితో లాగి చూచుట యుత్తమము. వచ్చినదా, మర గలదానిని చూపుమనవలెను. ఇంట నున్నవానికి మూతచుట్టు గట్టి టేపు వేయవచ్చును గాని, టేపును పెరుకుట రెండేండ్ల బిడ్డకు వినోదము. పసిబిడ్డ యున్న యింట అట్టివస్తువును సెల్లు తీసి పై అలమరలో పెట్టుటయే తగును.

కుమార్తె పురిటికి అమెరికా పోవు తల్లులకు ఒక్కమాట. అచ్చట బల్లలమీద కలమువలెనో చిన్నడబ్బావలెనో ఉండు విద్యుత్తు పొగయంత్రము కనబడవచ్చును. మన దేశమున 2019 చట్టముచే దాని తయారి, దిగుమతి, అమ్మకము నిషిద్ధములు, అచ్చట అమ్మబడుచున్నది. కొన్నిటిలో 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుగల లిథియము సెల్లు మార్చుటకు వీలుగా నుండి, దాని మూత చిన్న అయస్కాంతములతో మాత్రమే నిలుచును. మూత వదులైన దానికి మేము పైని చెప్పిన నల్లటేపు వైద్యము పనికిరాదు. జారిన సెల్లు జేబులో తాళపుచెవులను తాకినచో క్షణములో కాగి, నిప్పుకూడ పుట్టవచ్చును. మూత నిలువనిదానిని వాడకుండ, విడిసెల్లును ప్లాస్టిక్ పెట్టెలో నుంచుమని చెప్పవలెను. అందు పోయు నికోటిను ద్రవము బిడ్డలకు విషము, సీసాను చేతికందనీయరాదు. అల్లునితో చెప్పుటకు మొగమాటమైనచో కుమార్తెచే చెప్పింపవలెను. అచ్చటి విషసహాయకేంద్రపు ఫోను 1-800-222-1222.

తీసిన బొత్తాముసెల్లునకు, క్రొత్తదైనను పాతదైనను, రెండు ముఖములును కప్పునట్లు టేపు అంటించి మూతగల డబ్బాలో నుంచవలెను. 2022 ఆగస్టులో వచ్చిన నిబంధనలనుబట్టి పాతసెల్లులను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది గాన, వానిని చెత్తబుట్టలో వేయక, సేకరించు దుకాణము చేరువ నున్నచో అచ్చట నీయవలెను. పాడు కార్డును దాచుకొనదలచినవారు లోపలి అట్టను చీల్చి సెల్లును తీసివేయవలెను. పాట పోవును, వ్రాత మిగులును.

క్రొత్త సెల్లు వేసినను గోడగడియారము నెలకు పది నిమిషములు వెనుకబడుచున్నదని పాఠకురాలొకరు వ్రాసియున్నారు. ఆ సంగతి వచ్చే సంచికలో చూతము.