పటంలో ఊరికి చోటేది?

ప్రభుత్వం జీవో ఇస్తే ప్రశ్నిస్తాం. మంత్రిగారు ప్రకటన చేస్తే ప్రశ్నిస్తాం. మ్యాప్ చూపిస్తే మాత్రం, అది సైన్సు కదా అని ఊరుకుంటాం. నాది రోజూ డేటాతో కుస్తీ పట్టే ఉద్యోగం. ఏ సమాచారం కలపాలో, ఏది వదిలెయ్యాలో ఎవరో ఒకరు నిర్ణయించాకే తెరమీద ఫలితం వస్తుందని నాకూ తెలుసు, ఇది చదివే మీలో చాలామందికీ తెలుసు. అందుకే ఖనిజాన్వేషణకు ప్రాధాన్య ప్రాంతాలను గుర్తించే పటాల గురించి మనం మాట్లాడుకోవాలి.

వీటిని తయారుచేసే పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. రాతి రకాలు ఒక పొర. నేలలోని పగుళ్లు ఇంకో పొర. వాగుల్లో సేకరించిన మట్టిలో ఏ లోహం ఎంత ఉందో మరో పొర. విమానంలో తిరిగి కొలిచిన అయస్కాంత క్షేత్రం, రేడియోధార్మికత మరికొన్ని. ఒక్కో పొరకు ఇంత విలువ అని వేసి అన్నీ కలిపితే, ఎక్కువ మార్కులు వచ్చిన చోటు ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ ఖనిజం ఉందని దానర్థం కాదు, ముందు అక్కడ వెతకండి అని మాత్రమే. 1851లో పుట్టిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దగ్గర ఇలాంటి సమాచారం గుట్టలుగా ఉంది. 2023 డిసెంబరులో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పేరుతో దాన్ని జనానికి అందుబాటులోకి తెచ్చారు. మంచి పనే.

కానీ ఆ పొరల్లో మనిషి లేడు.

అమ్రాబాద్ సంగతే చూడండి. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరేనంది. ప్రతిపాదనలో దాదాపు 4,000 బోర్లున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తకు అది కడప బేసిన్ ఉత్తర భాగం. చెంచులకు అది తేనె, గడ్డలు, తాతముత్తాతల నేల. జనం రోడ్డెక్కారు, నల్లమలను కాపాడండంటూ ఉద్యమం ఊపందుకుంది, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. సంతోషం. కానీ అడవిలో చెంచులున్నారన్న సంగతి అంత గొడవ జరిగితేగాని గుర్తుకు రాలేదెందుకు?

ఇది ఒక్క ఇండియా జబ్బే కాదు. నేనుండే ట్రాయ్ నుంచి పగలంతా కారు నడుపుకుంటూ ఉత్తరానికి వెళితే మిచిగాన్ రాగి సీమ వస్తుంది. ఈ రాష్ట్రపు మొదటి భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ హౌటన్ అక్కడి రాగి గురించి 1841లో నివేదిక ఇచ్చాడు. మరుసటి ఏడాదే లా పాయింట్ ఒప్పందంతో ఒజిబ్వే ప్రజల చేతుల్లోంచి ఆ నేల జారిపోయింది. గనులవాళ్లు దిగారు. ఇవాళ అక్కడ ఒక ఊరికి, ఒక కౌంటీకి హౌటన్ పేరుంది. ఆయన రాసింది అబద్ధం కాదు, రాగి నిజంగానే ఉంది. నిజమైన పటం కూడా అన్యాయానికి దారి చూపగలదు.

నేను గనులకు వ్యతిరేకిని కాను. డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో ఎంతోమంది కార్ల కంపెనీల్లో పనిచేస్తున్నారు. బ్యాటరీకి లిథియం, నికెల్ ఎక్కడో ఒకచోట తవ్వాల్సిందే. నేను అడిగేది ఒక్కటే, ఊరి మాట ఎప్పుడు వింటారని.

1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. విశాఖ మన్యం గిరిజనులు సాధించిన విజయం అది. కానీ అన్వేషణ దశలో వాళ్ల మాటకు విలువ తక్కువే. 1996 పెసా చట్టం ప్రకారం లైసెన్సుకు ముందే గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి అయినది ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలకే. ఆ నిబంధన యురేనియానికి వర్తించదు! పైగా 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆఖర్న మిగిలిన ఆ ఒక్క తలుపూ మూశారన్నమాట.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ప్రతి ప్రాధాన్య పటంలో షెడ్యూల్డ్ ప్రాంతాలు, అటవీ హక్కుల భూములు, ఊళ్లు, తాగునీటి వాగులు పొరలుగా చేర్చాలి. ఆ పటాన్ని తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. మొదటి బోరు పడకముందే ఆ పని జరగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ప్రయోజనం లేదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. భూగర్భ డేటా బయటే ఉంది, మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని వాడటం వచ్చినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఊళ్ల వివరాలు అక్కడి కార్యకర్తలకు తెలుసు. నాలుగు వారాంతాలు కేటాయిస్తే ఒక మండలం పటం తయారవుతుంది. మొదలుపెడదాం, అమ్రాబాద్‌తోనే.