మీ ట్రక్కు లాగేదెంత? ముందు డోరు తీసి చదవండి!

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ సోదరుల్లో ఒక ముచ్చట బయల్దేరింది. పికప్ ట్రక్కు కొనడం, వెనకాల ఒక ట్రావెల్ ట్రైలర్ తగిలించడం, ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే అందర్నీ ఎక్కించుకుని ఎల్లోస్టోన్ బయల్దేరడం. ముచ్చట మంచిదే, ఎవరి డబ్బులు వాళ్ళిష్టం. నాకు ఒళ్ళు మండేదల్లా ఆ రెండు బళ్ళకీ పెళ్ళి కుదిర్చే పద్ధతి చూసి. "మన ట్రక్కు పదకొండు వేల పౌన్లు లాగుద్ది బాసూ, ట్రైలర్ ఏడున్నర వేలే, ఇంకా బోల్డంత మిగులుంది." ఇదీ లెక్క! బ్రోషర్లో ఒక అంకె, ట్రైలర్ కాగితంలో ఒక అంకె, ఇది దానికన్నా చిన్నది, ఇంకేం, పదండి. పెళ్ళికి జాతకాలైనా ఇంతకన్నా శ్రద్ధగా చూస్తారు కదండీ.

అసలు ఆ పదకొండు వేలు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకప్పుడు ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. 2008లో ఎస్.ఏ.ఈ. వాళ్ళు జె2807 అని ఒక ప్రమాణం రాశారు. టొయోటా 2011 టండ్రాతో దానికి ముందుగా ఒప్పుకుంది, ఒప్పుకోగానే దాని అంకెలు కిందకి దిగాయి. డెట్రాయిట్ కంపెనీలు 2015 మోడళ్ళ దాకా నాన్చాయి. ఆ ప్రమాణంలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్ళకి పైగా ఎత్తు ఎక్కే పరీక్ష ఉంది. మండుటెండలో, ఏసీ పూర్తిగా పెట్టి, వేగం 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. గట్టి పరీక్షే, నేను కాదనను. కానీ ఆ పరీక్షలో ట్రక్కులో కూర్చునేది ఎంతమందో తెలుసా? ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌన్లు, అంటే 68 కిలోలు. మీ నాన్నగారు, అత్తగారు, పిల్లలు, సోనా మసూరి బస్తా, రెండు కుక్కర్లు, ఆవకాయ జాడీ ఆ లెక్కలో లేవు!

మీ లెక్కకి కావలసిన అంకె వేరే చోట ఉంది. డ్రైవర్ డోరు తియ్యండి. పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదు అని అందులో ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. అది మీ బండికి మాత్రమే వర్తించే అంకె. అదే మోడల్లో సన్‌రూఫూ, పెద్ద చక్రాలూ ఉన్న బండికి ఇంకా తక్కువ ఉంటుంది. ఎన్ని హంగులు కొంటే అంత పేలోడ్ హరీ.

ట్రైలర్‌కీ పేలోడ్‌కీ సంబంధం ఏంటంటారా? ఊళ్ళో ఎడ్లబండి తోలినవాళ్ళని అడగండి. బరువు మరీ ముందుకేస్తే కాడి ఎడ్ల మెడ మీద దిగబడుతుంది. వెనక్కేస్తే కాడి పైకి లేచి ఎడ్లకి ఉరి పడుతుంది. అందుకని కొంచెం బరువు కాడి మీద ఉండేట్టు సర్దుతారు. ట్రైలర్‌కీ అంతే. దాని బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడాలి. తగ్గిందా, హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, ట్రక్కుని కూడా ఊపుతుంది. పడిందా, ఆ బరువు మొత్తం మీ పేలోడ్‌లోంచే పోతుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. స్టిక్కర్ మీద 1,500 పౌన్లు అనుకోండి. ట్రైలర్ నిండితే 7,600. అందులో 13 శాతం అంటే దాదాపు 990. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు, ఆరుగురూ కలిపి 735. బరువు పంచే హిచ్ 80. వెనక తొట్టిలో సామాను 150. మొత్తం 1,955. స్టిక్కర్ కన్నా 455 పౌన్లు ఎక్కువ! "ఇంకా మూడు వేలకి పైగా మిగులుంది" అన్న బండి పరిస్థితి ఇది. ఆ హిచ్ కొంత బరువుని ముందు చక్రాల మీదకీ, కొంత ట్రైలర్ ఇరుసుల మీదకీ జరుపుతుంది నిజమే, జరిపినంత మాత్రాన 455 మాయమైపోదు. ఇదే లెక్క తిరగేస్తే, అదే కుటుంబానికి అదే ట్రక్కుతో నిండు బరువు 4,100 పౌన్లు దాటని ట్రైలరే తగినది.

"ట్రైలర్ ఖాళీ బరువు 6,000 మాత్రమేనండీ" అని ఇంకో వాదన. ఖాళీ ట్రైలర్ని ఎవరు లాక్కెళ్తారు? నీళ్ళు గాలనుకి 8.3 పౌన్లు, 40 గాలన్లంటేనే 330. పరుపులు, గిన్నెలు, గ్యాసు అన్నీ అదనం. వాడాల్సింది ఖాళీ బరువు కాదు, నిండు బరువు పరిమితి.

ఇవన్నీ రాకెట్ సైన్సు కాదు. రోజూ ఆఫీసులో మనం చేసే పనే. వెబ్ సర్వర్ పదివేల మందిని తట్టుకుంటుంది, డేటాబేస్ కనెక్షన్లు మాత్రం యాభయ్యే అంటే, పదివేలని నమ్ముకుని ప్రొడక్షన్‌కి వెళ్తామా? అన్నిటికన్నా ఇరుకైన చోటే మొత్తం సిస్టమ్ సామర్థ్యం అని జూనియర్లకి క్లాసు పీకేవాళ్ళం, లక్ష డాలర్ల బండి కొనేటప్పుడు మాత్రం సేల్స్‌మాన్ మాట వేదం. ఇక్కడ నారాయణగూడలో ట్రాలీ ఆటో ఆయన నయం. చిక్కడపల్లి నుంచి ఇల్లు మారుతున్నామని బీరువా, ఫ్రిజ్జు, దివాను చూపిస్తే ఒక్క చూపు చూసి "రెండు ట్రిప్పులు పడ్తయి సార్" అంటాడు. ఆయన ఏ ప్రమాణమూ చదవలేదు. బండి ఆయనది, ఇరుసు విరిగితే అన్నం పోయేది ఆయనది, అంతే.

ఇక అందరికన్నా గొప్పది "మా ఫ్రెండు పదేళ్ళుగా లాగుతున్నాడు, ఏమీ కాలేదు" వాదన. ఏమీ కానంతవరకూ ఏమీ కాదు. బషీర్‌బాగ్ ఫ్లైఓవర్ దగ్గర సిగ్నల్లో పదిమంది పిల్లల్ని కుక్కిన స్కూలు ఆటో కనపడితే, సెలవుకొచ్చిన ఎన్నారై బాబు "ఈ దేశం బాగుపడదు" అని నిట్టూరుస్తాడు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వంద మందికి పైగా ఎక్కిన బస్సు అది. అప్పుడు అందరం తిట్టాం, తిట్టాల్సిందే. కానీ ఆ బస్సెక్కిన పల్లెవాళ్ళకి ఆ పొద్దున ఇంకో బస్సు లేదు. పొలానికెళ్ళే ట్రాక్టర్ ట్రాలీలో నిలబడే కూలీకి ఇంకో దారి లేదు. నీకుంది కదా నాయనా! చిన్న ట్రైలర్ కొనచ్చు, పెద్ద ట్రక్కు కొనచ్చు, అమ్మానాన్నల్ని వెనకాల కార్లో తీసుకురావచ్చు. అవసరం ఓవర్‌లోడ్ చేస్తే అది మన వ్యవస్థ సిగ్గు. సరదా ఓవర్‌లోడ్ చేస్తే అది నీ సిగ్గు. పైగా ఎదురు లేన్లో వచ్చేవాడు నీ ముచ్చటకి సంతకం పెట్టలేదు.

కాబట్టి చెప్పొచ్చేదేంటంటే, కొనేముందు ఆ బండి స్టిక్కరే చదవండి, బ్రోషర్ కాదు. మనుషుల్ని, హిచ్‌ని, సామాన్ని తీసెయ్యండి. మిగిలిన దాన్ని 0.13తో భాగించండి. వచ్చినదే మీ ట్రైలర్. పై సైజు ట్రక్కుకి వెళ్ళినా ఈ లెక్క తప్పదు, డీజిల్ ఇంజను బరువు కూడా పేలోడ్‌నే తింటుంది. అన్నీ ఎక్కించాక ట్రక్కులు ఆగే చోట కాటా మీద ఇరుసు ఇరుసుకీ తూకం వేయించండి. ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ పెట్టించండి. తోక ఊపడం మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకు మాత్రం చేత్తో నెమ్మదిగా వెయ్యండి.

ఇదంతా చాదస్తం అనేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టచ్చు. కాకపోతే ముందోసారి గరాజ్‌లోకెళ్ళి, డోరు తీసి, ఆ అంకె చూసొచ్చి, అంకెతో సహా తిట్టండి.